ముందు ఆడజింక కొవ్వు కొలవండి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో కూగర్‌ని, అంటే కొండసింహం అనే పెద్దపిల్లిని, కాల్చడానికి ఇప్పుడు ప్రత్యేకంగా పర్మిట్ అక్కర్లేదు. మామూలు వేట లైసెన్సు జేబులో ఉంటే చాలు. ఏడాది పొడుగునా ఎప్పుడైనా కాల్చవచ్చు, ఇన్నే అన్న లెక్క కూడా లేదు. 2023 శాసనసభ సమావేశాల చివర్లో ఒక బిల్లులో చేరిన నిబంధన ఇది. ఆ మే నెల నుంచే అమల్లోకి వచ్చింది. కయోటీ సంగతి అంతకు చాలా ముందే తేల్చేశారు. నక్కకీ తోడేలుకీ మధ్యరకంగా ఉండే ఈ జంతువుని చంపి ఆనవాళ్లు అప్పగిస్తే ఒక్కోదానికి 50 డాలర్లు ఇస్తారు. ఇందుకోసం 2012లో చట్టమే చేశారు. రెంటికీ గట్టిగా వినిపించిన కారణం ఒకటే: జింకలు తగ్గిపోతున్నాయి.

తగ్గిన మాట అబద్ధం కాదు. 1994కి ముందు ఇక్కడ ఎవరైనా దుకాణానికి పోయి జింక ట్యాగ్, అంటే ఒక జింకని కొట్టడానికి అనుమతి, కొనుక్కునేవాళ్లు. ఆ ఏడు 97 వేలకి పరిమితి పెట్టి డ్రా మొదలుపెట్టారు. 2021 నాటికి అది 74 వేలకి దిగింది. పక్కనున్న నెవాడాలో పరిస్థితి మరీ కనాకష్టం. 1988లో సుమారు 2 లక్షల 40 వేలుండే మ్యూల్ డీర్ ఇప్పుడు 70 వేల దగ్గర కొట్టుమిట్టాడుతున్నాయి. మ్యూల్ డీర్ అంటే మన చుక్కల దుప్పి కంటే కాస్త బరువైన బూడిదరంగు జింక. పెద్ద పెద్ద చెవులు, తోక చివర నల్ల కుచ్చు.

జింకలు తగ్గాయంటే ఒప్పుకుంటాను. కూగర్లూ కయోటీలూ తినేశాయి కాబట్టి తగ్గాయి, వాటిని తుడిచిపెడితే పెరుగుతాయి అనే దగ్గరే నాకు పేచీ. కూగర్ మీద జాలితో అంటున్న మాట కాదిది. ప్రతి ఏడాదీ జింక ట్యాగ్ కోసం డ్రాలో పేరు వేసుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మాది మార్కాపురం. చాలా ఏళ్లుగా మధ్య యూటాలో, సెవియర్ లోయలోని ఒక ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేస్తున్నాను. ఇక్కడ అక్టోబరులో జింక వేట అంటే ఊరు ఊరంతా కొండెక్కుతుంది. బళ్లకి ఆ రోజుల్లోనే సెలవులు పడతాయి. పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషన్ చేయించుకో అంటే, వేటయ్యాక వస్తానని తేదీ మార్పించుకునే పేషెంట్లు నాకు తెలుసు. పక్కింటి పెద్దాయన నన్నూ మావాణ్నీ ఒకేసారి వేట శిక్షణ తరగతికి తోలాడు. మొదటిసారి తుపాకీ మోసుకుని కొండెక్కానని ఫోన్లో చెబితే నాన్న, "జింకని కొట్టుకు తింటారంటే, పాపం కాదటే అమ్మాయ్?" అన్నాడు. ప్రతి ఆదివారం తెల్లారకముందే పోయి పొట్టేలు మాంసం తెచ్చే మనిషి ఆయన. ఆ చర్చ మా ఇంట్లో ఇంకా తెగలేదు, ఇక్కడా తెగదు గాని, ఒక్కటి మాత్రం చెప్పాలి. అమెరికాలో రైఫిళ్ల మీదా తూటాల మీదా వేసే పన్ను సొమ్ముని 1937 నాటి చట్టం కింద రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పంచుతున్నారు, ఇప్పుడా పన్ను 11 శాతం. లైసెన్సు డబ్బులు దానికి అదనం. కొండ మీద జింకల్ని లెక్కపెట్టే మనిషి జీతంలో కాల్చేవాడి వాటా ఉంది. అందుకే ఇక్కడ వేటగాళ్ల మాటకి అంత బరువు. వాళ్లు పొరపడితే దాని ఖర్చు కూడా అంతే పెద్దది.

2021 సంగతి చెబుతాను. మార్చిలోనే గవర్నర్ స్పెన్సర్ కాక్స్ కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జూన్‌లో వాన కోసం ప్రార్థన చేయండని జనాన్ని కోరారు. వరుణయాగాలూ కప్పల పెళ్లిళ్లూ చూసి పెరిగినదాన్ని కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. ఆ వేసవిలో ఫిష్‌లేక్ అడవిలో కొండవాలు గడ్డి ఎండి, చెప్పుకింద పటపటలాడేది. నాకు తెలిసిన చెలమలు కొన్నిటిలో బురద కూడా మిగల్లేదు. అక్టోబరు వేటలో ట్యాగ్ దొరికిన వాళ్లలో చాలామంది ఉత్త చేతులతో దిగొచ్చారు. పోస్టాఫీసులో, పెట్రోల్ బంకులో, నా స్కానింగ్ గదిలో బల్లమీద పడుకుని కూడా అందరిదీ ఒకటే మాట: కూగర్లు ఎక్కువైపోయాయి.

డిసెంబరులో వన్యప్రాణి శాఖవాళ్లు జింకల్ని పట్టి పరీక్ష చేసే చోటికి వెళ్లాను. హెలికాప్టర్లోంచి వల విసిరి ఆడజింకల్ని పడతారు. కాళ్లకి బంధం వేసి, కళ్లకి గంతలు కట్టి, నారింజరంగు సంచుల్లో ఉంచి, హెలికాప్టర్ కింద వేలాడదీసుకు వస్తారు. మంచులో పరదాలు పరిచి ఉంటాయి. ఒకరు బరువు తూస్తే ఇంకొకరు రక్తం తీస్తారు. వేడెక్కిపోతే ప్రాణానికి ముప్పు కాబట్టి ఒకరు జ్వరం చూస్తూనే ఉంటారు. అరుపులుండవు, గుసగుసగా మాట్లాడుకుంటారు. గంతలు కట్టిన జింక దాదాపు కదలదు. ముక్కుపుటాలు మాత్రం ఆవిరి చిమ్ముతూ గబగబా ఆడుతుంటాయి.

తర్వాత తోకకి కాస్త పైన, పిర్ర మీద వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, ప్రోబ్ ఆనించారు. చేతిలో పట్టేంత చిన్న మిషను. తెర మీద నేను రోజూ చూసే బూడిదరంగు పొరలే: పైన చర్మం, దాని కింద కొవ్వు, కొవ్వు అయిపోయి కండ మొదలయ్యే చోట తెల్లని గీత. పిర్ర మీద కొవ్వు బాగా మందంగా ఉండే చోట చర్మం నుంచి ఆ గీత దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు. ఆ సంఖ్యని బట్టి ఒంట్లో మొత్తం కొవ్వు ఎంతో లెక్క కడతారు. ఆ రోజు నేను చూసిన ఒక జింకకి ఆ తెల్లగీత చర్మానికి దాదాపు అంటుకుపోయి ఉంది. ప్రోబ్ వంపు తప్పిందేమో అనుకున్నాను. తప్పలేదు. జీవశాస్త్రవేత్త బొటనవేలితో తుంటి దగ్గరి స్నాయువు తడిమి చూసి, తలాడించి, కాగితం మీద రాసుకున్నాడు. కొవ్వు పూర్తిగా కరిగిపోయినప్పుడు అది తాడులా చేతికి తగులుతుంది. ఆ జింక కడుపుతో ఉంది. నవంబరులో కట్టింది, జూన్‌లో ఈనాలి. ముందు మూడు నెలల మంచుంది. మెడకి జీపీఎస్ పట్టీ వేసి, గంతలు విప్పి వదిలేశారు. ఒక్క గెంతులో పొదల్లోకి పోయింది.

అలాంటి జింక ఫిబ్రవరిలో చనిపోయిందనుకోండి. పట్టీ నుంచి కదలిక ఆగిపోయిన సంకేతం వస్తుంది. మనిషి వెళ్లి చూస్తే గొంతు మీద కోరల గాట్లు, మీద కప్పిన ఆకూ అలమా. అవన్నీ కూగర్ గుర్తులు. కాగితం మీద కారణం 'కూగర్' అనే పడుతుంది. తప్పు రాశారని అనను. కాని ఆ చావు డిసెంబరుకే, ఇంకా చెప్పాలంటే ముందటి జులైలోనే ఖాయమైంది. వేసవిలో పచ్చిక తొందరగా ఎండితే తల్లికి పాలు తగ్గుతాయి. పిల్లకి పాలిస్తూ తన ఒంట్లో కొవ్వు పోగేసుకోలేదు. పిల్ల తక్కువ బరువుతో చలికాలంలోకి అడుగుపెడుతుంది, తల్లి ఒట్టి ఎముకలతో. చలికాలపు మేత సేజ్‌బ్రష్, బిట్టర్‌బ్రష్ లాంటి పొదల కొమ్మలు. అవి తిని ఎవరూ లావెక్కరు, ఉన్న కొవ్వు కరిగే వేగాన్ని తగ్గిస్తాయంతే.

పక్కింటాయన ఇది ఒప్పుకోడు. "ఒక కూగర్ వారానికో జింకని తింటుంది, కూడుకో" అంటాడు. ఆ లెక్క కాస్త అటూఇటుగా నిజమే. పెద్ద ఆడజింకల చావుల్లో కూగర్‌దే పెద్ద వాటా అని తేలిన కొండలు యూటాలో ఉన్నాయి. అప్పుడే పుట్టిన కూనల్ని కయోటీలు పొదలు వెతికి మరీ తింటాయి, అదీ నిజమే. అసలు ప్రశ్న వేరు. కూగర్‌ని తీసేస్తే ఆ జింక బతికేదా?

ఈ ప్రశ్నని అడగాల్సిన పద్ధతిలో అడిగిన చోటు ఐడహో. 1997 నుంచి 2003 దాకా ఆ రాష్ట్రపు ఆగ్నేయ భాగంలో కొన్ని ప్రాంతాల్లో కయోటీల్ని, కొన్నిట్లో కూగర్లని పనిగట్టుకుని చంపారు. కొన్నిటిని ముట్టుకోలేదు. మార్క్ హర్లీ బృందం ఆ ఫలితాల్ని 2011లో ప్రచురించింది. కూగర్లని తగ్గించిన చోట కూనల నిష్పత్తి కొంత పెరిగింది. కయోటీల్ని చంపితే మామూలుగా తేడా రాలేదు. కుందేళ్లలాంటి చిన్న జంతువులు కరువై, కయోటీలు కూనల మీద పడిన ఏళ్లలోనే కొంత ఫలితం కనిపించింది. మంద మొత్తంగా పెరిగిందా అని చూస్తే, చెప్పుకోదగ్గ మార్పు లేదు. మందని పెంచిందీ దించిందీ ఎక్కువగా చలికాలపు తీవ్రత, వాతావరణం. అన్నేళ్లు అంత డబ్బు పోసి చంపాక వచ్చిన జవాబిది. యూటాలో కయోటీ తలకి 50 డాలర్ల చట్టం దాని మరుసటి ఏడే వచ్చింది. ఆ ఫలితాలు చదివినవాళ్లు ఎవరూ చట్టం చేసిన గదిలో లేరనుకోవాలో, ఉన్నా నోరు మెదపలేదనుకోవాలో నాకు తెలియదు.

కొలరాడోలో ఇదే ప్రశ్నని తిరగేసి అడిగారు. అన్‌కంపాగ్రే పీఠభూమి మీద జింకలకి మంచి మేత పెట్టి చూశారు, కయోటీల జోలికి, కూగర్ల జోలికి పోలేదు. చాడ్ బిషప్ బృందం 2009లో అచ్చువేసిన ఆ ఫలితాల్లో, మేత దొరికిన చోట పిల్లలు ఎక్కువగా బతికాయి, కయోటీల నోట పడేవి కూడా తగ్గాయి. నాకు ఇదే గొప్ప సాక్ష్యం. కయోటీ మారలేదు, దాని పళ్లు అరగలేదు. జింక ఒంట్లో సత్తువ మారింది. అలాగని జింకలకి మేత పెట్టడమే మందు అని ఎవరూ అనుకోకండి. అది ప్రయోగం కోసం ప్రత్యేకంగా తయారుచేసిన గుళికల మేత. చలికాలంలో జాలిపడి ఎండుగడ్డి వేస్తే అది అరగక, పొట్టనిండా గడ్డితోనే జింకలు చచ్చిపోతాయి.

ఇలాంటి చర్చలో ఎవరో ఒకరు కైబాబ్ ఎత్తుతారు. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున ఉన్న పీఠభూమి అది. 1906లో దాన్ని వన్యప్రాణి రక్షిత ప్రాంతం చేసి, కూగర్లనీ కయోటీల్నీ ప్రభుత్వమే చంపించింది. జింకలు విపరీతంగా పెరిగి, ఆకులన్నీ మేసేసి, 1924 తర్వాతి చలికాలాల్లో ఆకలితో వేలకు వేలు చచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో చెప్పే కథ ఇది. నా వాదానికి అచ్చంగా సరిపోతుంది కూడా. కాని అదే సమయంలో అక్కడ గొర్రెల్నీ పశువుల్నీ కూడా తగ్గించారనీ, జింకల లెక్కలు నమ్మదగ్గవి కావనీ గ్రేమ్ కాగ్లీ 1970లోనే ఎత్తి చూపించాడు. అందుకని నేను దానిమీద ఎక్కువ బరువు వేయను.

వేటగాళ్లు తమవంతు త్యాగం చేశాం అంటారు. ట్యాగులు తగ్గిస్తే ఒప్పుకున్నాం కదా అని. నాకూ ఆ బాధ తెలుసు. మే నెలలో డ్రా ఫలితం చూసి, ఈ ఏడూ లేదనుకుని ఫోను పక్కన పెట్టేయడం. కాని ఇక్కడ సాధారణ ట్యాగు మగజింకకే. కొమ్ముల జింక ఒక్కటే చాలా ఆడజింకల్ని కడుతుంది. మంద పెరగడం ఆడజింకల మీదా కూనల మీదా ఆధారపడి ఉంటుంది. వంద ఆడవాటికి పద్దెనిమిది మగవి ఉన్నా ఇరవై ఉన్నా వచ్చే జూన్‌లో పుట్టే కూనల సంఖ్య పెద్దగా మారదు. మగజింక ట్యాగులు తగ్గిస్తే అక్టోబరులో పెద్ద కొమ్ములు కనిపించే అవకాశం పెరుగుతుంది, జింకలు పెరగవు. ఈ మాట వేటగాళ్ల సభలో అంటే ఒక్కడూ చప్పట్లు కొట్టడు.

మరి డబ్బు దేనికి పెట్టాలి? చీట్‌గ్రాస్ అని ఒక పరాయి గడ్డి ఉంది. మన పొలాల్లో వయ్యారిభామ ఎంత మొండిదో ఇక్కడి కొండల్లో ఇదీ అంతే. యూరప్, ఆసియాల నుంచి వచ్చి పాకింది. జూన్‌కే ఎండి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తుంది. ఒకసారి కాలితే సేజ్‌బ్రష్ మళ్లీ చిగురించదు, విత్తు నుంచి మొలవాల్సిందే. అది మొలిచేలోగా చీట్‌గ్రాస్ మళ్లీ కాలుతుంది. జింకల చలికాలపు మేత ఇలా కొండకి కొండే పోతోంది. యూటాకి దీనికో మంచి కార్యక్రమం 2006 నుంచీ ఉంది. జునిపర్ చెట్లు కమ్మేసిన వాలుల్ని ఖాళీ చేసి, పొదలూ గడ్డీ విత్తి, ఇప్పటికి 20 లక్షల ఎకరాలు దాటించారు. 2018లో ఐ-80 మీద పార్లీస్ శిఖరం దగ్గర జంతువులు దాటడానికే ఒక వంతెన కట్టారు. ఇవి చూసి నాకు ఈ రాష్ట్రం మీద గౌరవం. ఇంత తెలిసినవాళ్లు మళ్లీ కయోటీ తలల దగ్గరికే ఎందుకు పోతారో అర్థం కాదు. నెవాడాలో ఇది ఇంకో మెట్టెక్కింది. వేట దరఖాస్తుతో పాటు వసూలు చేసే 3 డాలర్ల రుసుములో 80 శాతం తప్పనిసరిగా వేటాడే జంతువుల్ని చంపడానికే ఖర్చు పెట్టాలని 2015లో చట్టంలో రాసుకున్నారు. మేత పోయిన కొండని బాగుచేయడానికి ఆ వాటాలోంచి పైసా తీయడానికి వీల్లేకుండా చేశారు.

ఇక 2023 చలికాలం. కరువు తీరింది, దాంతోపాటు ప్రాణాలూ పోయాయి. యూటాలో కొలతలు మొదలయ్యాక ఎన్నడూ లేనంత మంచు పడింది. ఉత్తరాన శాఖవాళ్లే కొన్ని చోట్ల అత్యవసరంగా మేత పెట్టాల్సి వచ్చింది. సరిహద్దు అవతల వయోమింగ్ రేంజ్ మందలో పట్టీలు వేసిన పిల్లలన్నీ పోయాయి. పెద్ద ఆడజింకల్లో కూడా సగానికి పైగా పోయాయి. ఆ చలికాలానికి కూగర్ ఏం చేస్తుంది? తర్వాత మంచు కరిగి దక్షిణపు కొండలు పచ్చబడ్డాయి, తల్లులకి పాలు పడ్డాయి, మందలు కోలుకున్నాయి, ట్యాగులు మళ్లీ పెంచారు. దీన్ని పట్టుకుని "చూశావా, కూగర్ చట్టం పనిచేసింది" అని మా పక్కింటాయన. నేను వాన అంటాను. రెండూ ఒకే ఏడు వచ్చాయి కాబట్టి ఈ తగువు ఇప్పట్లో తీరదు.

నల్లమల అంచున పెరిగినదానికి ఈ తగువేమీ కొత్త కాదు. అక్కడ 1972 చట్టంతో వేట నిషేధం. కాబట్టి లైసెన్సుల గొడవ లేదు, ఉచ్చుల గొడవ, కరెంటు తీగల గొడవ. ఎండాకాలం ట్యాంకర్లతో, జంతువులు తాగడానికి కట్టిన సాసర్లలో నీళ్లు నింపుతారు. ఆ ఫొటో పేపర్లో పడుతుంది. నీళ్ల చుట్టూ మేత ఉందా అన్నది ఫొటోలో కనపడదు. ఊళ్లో మేకని చిరుత ఎత్తుకుపోతే, అడవిలో దుప్పులు తగ్గాయా అని అడిగేవాళ్లు తక్కువ, చిరుతలు పెరిగిపోయాయనేవాళ్లే ఎక్కువ. కరువుకి మొహం లేదు, చిరుతకి ఉంది.

మా వైపు వన్యప్రాణి బోర్డుకి సలహాలిచ్చే ప్రాంతీయ మండలి సమావేశం వసంతంలో జరుగుతుంది. ఎవరైనా లేచి కొన్ని నిమిషాలు మాట్లాడొచ్చు. నేను అడగబోయేది ఇది. ప్రతి కొండకీ డిసెంబరులో కొలిచిన ఆడజింకల కొవ్వుని, కూగర్లు ఎన్ని చచ్చాయో చెప్పే అంకె పక్కనే, అదే పేజీలో అచ్చువేయండి. తల్లులు బక్కచిక్కి ఉన్న కొండల్లో కయోటీ తలలకిచ్చే డబ్బు ఆపి, దాంతో బిట్టర్‌బ్రష్ విత్తనం కొనండి. అక్కడ కూగర్‌ని చంపినా జింక మిగలదు. తల్లులు దిట్టంగా, నిండు కొవ్వుతో ఉండి కూడా మంద తరుగుతున్న కొండ ఏదైనా ఉంటే, అక్కడ కూగర్ మీద అనుమానం న్యాయమే. అలాంటి కొండ ఏదో అంకెలతో చూపించండి, ఆ కొండ మీద కూగర్ వేటకి ఓటేయమంటే వేస్తాను.